బిషప్ లేని చోట పాస్టరు గారు ఎవరికి లెక్క చెప్పాలి? ప్రెస్బిటేరియన్ పద్ధతి తెలిసినవాళ్ళు చెప్పండి

చంపావతి ఒడ్డు:

అందరికీ వందనాలండి. మాది విజయనగరం పక్క పల్లె, ముత్తాతల నాటి నుంచీ బాప్టిస్టులం. మా అమ్మాయి నర్సింగు పూర్తి చేసి రెండేళ్ళ కిందట షిల్లాంగ్‌లో ఉద్యోగానికి వెళ్ళింది, అక్కడ తెలుగు ఆరాధన దొరక్క తన రూమ్‌కి దగ్గర్లో ఉన్న ప్రెస్బిటేరియన్ చర్చికి వెళ్ళడం మొదలెట్టింది, పాటలు ఖాసీ భాషలో ఉన్నా రాగాలు కొన్ని తెలిసినవే నాన్నా, కలిసిపోయాను అంటుంది. మొన్న సెలవులకి వచ్చినప్పుడు అన్నం తింటూ ఒక సంగతి చెప్పింది, అప్పట్నుంచి నాకు అదే ఆలోచన. అక్కడ పాస్టరు గారు ప్రతి ఆదివారం కనబడరంట, ఒక్కాయన కిందే చాలా సంఘాలు ఉంటాయంట, మిగిలిన వారాలు సంఘపెద్దలే ఆరాధన నడిపిస్తారు, వాక్యం చెప్తారు, కానుకల లెక్క రాస్తారు, జబ్బు చేసినవాళ్ళ ఇళ్ళకి వెళ్తారు. మా అమ్మాయికి జ్వరం వస్తే ఒక పెద్దాయనా వాళ్ళావిడా వచ్చి ప్రార్థన చేసి జావ ఇచ్చి వెళ్ళారంట. ఊరు కాని ఊళ్ళో, భాష తెలీని పిల్లకి.

నాకు సంతోషం వేసింది, వెంటనే బాధ కూడా వేసింది. ఊరి పేరు సంఘం పేరు రాయను గానీ మూడేళ్ళ కిందట మా దగ్గర పాస్టరు గారికీ కమిటీకీ స్థలం విషయంలో మాట పడింది, జనరల్ బాడీ పెట్టారు, ఓట్లు లెక్కపెడితే తేడా 11. ఓడినవాళ్ళు ఒప్పుకోలేదు, గేటుకి తాళం పడింది, ఇప్పుడు రెండు వర్గాలు చెరో పూట ఆరాధన చేసుకుంటున్నాం, కేసు కోర్టులో ఉంది. పోయినేడు మా అమ్మ చనిపోతే భూస్థాపన ప్రార్థన ఎవరు చెయ్యాలి అని పెట్టె ఇంట్లో ఉండగానే తగువు. ఆ రోజు నేను పడిన బాధ ఇంకెవరికీ వద్దు.

అందుకే అడుగుతున్నాను. వాళ్ళకి బిషప్ లేరు కదా, మరి పాస్టరు ఎవరికి లెక్క చెప్పాలి? పెద్దలే తప్పు చేస్తే అడిగేదెవరు? ఈ పద్ధతి ఎక్కడ పుట్టింది, మన వైపు ఎందుకు రాలేదు? సంఘం మారాలని అడగట్లేదండి, తెలుసుకోవాలని.


నాగావళి మాస్టారు:

వందనాలు తమ్ముడూ. అమ్మగారి విషయం చదివి మనసు బరువెక్కింది. శ్రీకాకుళంలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యాను, ఈ విషయం మీద చాలాకాలంగా చదువుతున్నాను, కొంచెం పొడుగవుతుంది ఓపిగ్గా చదువు.

పేరులోనే సంగతి ఉంది. గ్రీకులో ప్రెస్బుతెరోస్ అంటే పెద్ద, మన బైబిల్లో సంఘపు పెద్దలు అన్నచోట ఆ మాటే ఉంటుంది. అపొస్తలుల కార్యములు 14లో పౌలు, బర్నబా ఒక్కో సంఘంలో పెద్దల్ని ఏర్పాటు చేసి వెళ్ళారు, ప్రతిచోటా ఒక్కరు కాదు, కొంతమంది. ఆ తర్వాతి అధ్యాయంలో అంతియొకయలో సున్నతి గురించి తగువొచ్చింది, అక్కడికక్కడే చేతులెత్తించి తేల్చెయ్యకుండా యెరూషలేముకి మనుషుల్ని పంపారు, అక్కడ అపొస్తలులూ పెద్దలూ కూర్చుని విని నిర్ణయం చేసి ఉత్తరం రాశారు. ప్రెస్బిటేరియన్లు నిలబడేది ఈ రెండు అధ్యాయాల మీదే అనుకో.

ఆచరణలోకి తెచ్చింది జెనీవాలో జాన్ కాల్విన్ అనే సంఘ సంస్కర్త, 1541లో. సంఘంలో నాలుగు రకాల సేవకులు అన్నాడు, పాస్టర్లు, బోధకులు, పెద్దలు, బీదల్నీ రోగుల్నీ చూసుకునే డీకన్లు. 12 మంది పెద్దలూ పాస్టర్లూ కలిసి ప్రతి గురువారం కూర్చుని ఊళ్ళో వాళ్ళ తగువులు, నడవడిక విచారించేవారు. ఆ పెద్దలు పాస్టర్లు కారు, ఊరి మనుషులే. అదే కొత్త సంగతి, అప్పటిదాకా ఆ పెత్తనం గురువులదీ బిషప్పులదీ.

అది చూసి స్కాట్లాండ్‌కి పట్టుకెళ్ళింది జాన్ నాక్స్. ఫ్రెంచివాళ్ళ ఓడల మీద 19 నెలలు ఖైదీగా తెడ్డు లాగిన మనిషి, తర్వాత జెనీవాలో ఉన్నాడు, 1559లో తిరిగి వచ్చాడు, 1560లో స్కాట్లాండ్ పార్లమెంటు పోపు అధికారం తీసేసింది, అదే ఏడాది డిసెంబరులో మొదటి జనరల్ అసెంబ్లీ, అంటే దేశం మొత్తం సంఘాల సభ, కూర్చుంది. అక్కడితో అయిపోలేదు, రాజుకీ వీళ్ళకీ 130 ఏళ్ళు నడిచింది గొడవ. ఎందుకంటే బిషప్పుల్ని వెయ్యడం రాజు చేతిలో పని, బిషప్పులు చేతిలో ఉంటే సంఘం చేతిలో ఉన్నట్టే. ఆండ్రూ మెల్విల్ అనే ఆయన 1596లో రాజు జేమ్స్ చొక్కా చెయ్యి పట్టుకుని మరీ చెప్పాడు, ఈ దేశంలో ఇద్దరు రాజులున్నారు, క్రీస్తు రాజ్యంలో నువ్వు సభ్యుడివే, ప్రభువువి కావు అని. 1637లో చార్లెస్ రాజు కొత్త ప్రార్థన పుస్తకం బలవంతంగా పెడితే ఎడింబరో చర్చిలోనే అల్లరైంది, 1638లో జనం ఈ బలవంతపు మార్పులు ఒప్పుకోం అనే నిబంధన పత్రం మీద సంతకాలు చేశారు, ఆ ఏడే గ్లాస్గో అసెంబ్లీ బిషప్పుల్ని తీసేసింది, 1660ల్లో మళ్ళీ వచ్చారు, చివరికి 1690లో ప్రెస్బిటేరియన్ పద్ధతే ఖాయమైంది.

ఇప్పుడు నీ ప్రశ్న. వాళ్ళ సభల్ని వాళ్ళు కోర్టులనే అంటారు. కింద స్థానిక సంఘంలో సెషన్, అంటే పాస్టరూ ఎన్నికైన పెద్దలూ. దానిపైన ప్రెస్బిటరీ, ఆ చుట్టుపక్కల సంఘాల పాస్టర్లూ, ఆ సంఘాలు పంపిన పెద్దలూ. అక్కడ పాస్టరు ఓటు ఎంతో పెద్ద ఓటూ అంతే. దానిపైన కొన్ని ప్రెస్బిటరీలు కలిసిన సినడ్, ఆపైన జనరల్ అసెంబ్లీ. మోడరేటర్ అనే ఆయన సభ నడిపిస్తాడు, స్కాట్లాండ్‌లో ఏడాది అవగానే దిగిపోతాడు, మామూలు పాస్టరుగా వెళ్ళి తన పని చూసుకుంటాడు.

అసలు కీలకం ఏంటంటే పాస్టరు మీద అధికారం స్థానిక సంఘానిది కాదు, ప్రెస్బిటరీది. సంఘం ఓటేసి పిలుచుకోవచ్చు, కానీ నియమించేదీ విచారించేదీ తీసేదీ ప్రెస్బిటరీ. పాస్టరుకి కోపం వచ్చిందని పెద్దల్ని తీసెయ్యలేడు, పెద్దలకి కోపం వచ్చిందని పాస్టర్ని పంపెయ్యలేరు, ఎవరికి అన్యాయం జరిగిందనిపించినా పై సభకి అప్పీలు చేసుకోవాలి. మీ దగ్గర 11 ఓట్ల తర్వాత వెళ్ళడానికి ఇంకో గుమ్మం లేదు, వాళ్ళకి ఉంటుంది.

మన వైపు ఎందుకు రాలేదంటే ఎవరు ఏ రేవులో దిగారో ఆ ఊరి సంఘానికి వాళ్ళ పద్ధతే వచ్చింది. 1805లో క్రాన్, డెగ్రాంజ్ విశాఖపట్నంలో దిగారు, లండన్ మిషనరీ సొసైటీవాళ్ళు, తర్వాత విజయనగరం, చికాకోల్ (మన శ్రీకాకుళమే) కూడా ఆ సొసైటీ స్టేషన్లే, అందులో ఎక్కువమంది ఏ సంఘానికి ఆ సంఘమే స్వతంత్రం అనేవాళ్ళు. 1874లో కెనడా బాప్టిస్టులు కాకినాడలో మొదలెట్టి ఉత్తరానికి వచ్చారు, వాళ్ళదీ అదే మాట. సాలూరు, పార్వతీపురం వైపు జర్మనీ నుంచి బ్రెక్లుమ్ లూథరన్లు. స్కాట్లాండ్ ప్రెస్బిటేరియన్లు కలకత్తా, మద్రాసుల్లో కాలేజీలు పెట్టుకున్నారు, మద్రాస్ క్రిస్టియన్ కాలేజీ వేరు 1837లో వాళ్ళు పెట్టిన స్కూలే. మీ అమ్మాయి వెళ్ళే చర్చి మూలం వేల్స్ దేశం, 1841లో థామస్ జోన్స్ ఖాసీ కొండల్లో సొహ్రాకి వెళ్ళాడు, మనం చిరపుంజి అంటాం కదా అదే.


సోంపేట ఫౌజీ:

అన్నయ్యా వందనాలు. మాస్టారు చరిత్ర చెప్పీసారు, నేను కళ్ళతో చూసింది చెప్తాను. ఆర్మీలో ఉండగా మిజోరంలో ఐజ్వాల్‌లో మూడేళ్ళు చేశాను, ఆదివారం డ్యూటీ లేకపోతే అక్కడి ప్రెస్బిటేరియన్ చర్చిలోనే ఉండీవోడిని. సంఘపెద్దని వాళ్ళు ఉపా అంటారు. ఊళ్ళో ఉపా అంటే ఎంత గౌరవం అంటే, చావు జరిగిన ఇంటికి ముందు వచ్చీది ఆయనే, కుర్రాళ్ళని పోగుచేసి గొయ్యి తవ్వించీది, రాత్రంతా పాటలు పాడించీది, అన్నీ వరసగా జరిగిపోతాయి. మీ అమ్మగారి సంగతి చదివినప్పుడు నాకు అదే గుర్తొచ్చింది అన్నయ్యా.

జీతం సంగతి కూడా చెప్పాలి. పాస్టరుకి జీతం ఇచ్చీది ఆ ఊరి సంఘం కాదు, సినడ్. ఊళ్ళో దశమభాగాలు సినడ్‌కి వెళ్తాయి, సినడ్ నుంచి పాస్టర్లందరికీ వస్తుంది, బదిలీలు కూడా సినడే చేస్తుంది. అందుకని డబ్బున్న సంఘం పాస్టరు, బీద సంఘం పాస్టరు అని తేడా ఉండదు. పాస్టరు ఊళ్ళో పెద్ద కారు ఉన్నాయన మొహం చూసి ప్రసంగం మార్చుకోవాల్సిన పనీ ఉండదు.

ఇంకోటి, బుహ్‌ఫై థామ్ అంటారు, పిడికెడు బియ్యం. పూటపూటా అన్నం వండేటప్పుడు ఇంటావిడ ఒక పిడికెడు బియ్యం తీసి పక్కన డబ్బాలో వేస్తాది, చర్చివాళ్ళు ఇంటింటికీ వచ్చి పోగుచేసి అమ్మి ఆ డబ్బుతో సేవ నడుపుతారు. నేను అద్దెకున్న ఇంట్లో రోజూ చూసీవోడిని, ఇంట్లో బియ్యం అడుగంటిన రోజు కూడా ఆవిడ ఆ పిడికెడు ఆపలేదు.

నువ్వు బాప్టిస్టువి కాబట్టి ఇది నీకు చెప్పాలి. మిజోరంకి మొదట వెళ్ళిన లోరైన్, సావిడ్జ్ అనే దొరలు 1894లో ఐజ్వాల్ వచ్చారు, 1897లో వేల్స్ మిషన్ వచ్చాక వెళ్ళిపోయి మళ్ళీ 1903లో బాప్టిస్టు మిషన్ తరపున దక్షిణాన లుంగ్లేయి వైపు వచ్చారు. ఉత్తరం ప్రెస్బిటేరియన్, దక్షిణం బాప్టిస్టు, అలగ ఉంటుంది. అయితే ఆ బాప్టిస్టులకి కూడా పైన అసెంబ్లీ ఉంది, పాస్టర్లని అక్కడినుంచే వేస్తారు. బాప్టిస్టు అంటే పైన ఎవరూ ఉండకూడదని రాసిపెట్టి ఏటీ లేదు.


చంపావతి ఒడ్డు:

మాస్టారూ, తమ్ముడూ, ఇద్దరికీ చాలా థాంక్స్. రెండుసార్లు చదివాను, మా అమ్మాయికి ఫోన్‌లో చదివి వినిపించాను. ఒక్క అనుమానం. పెద్దలు పెద్దలు అంటున్నారు, మన ఊళ్ళల్లో అయితే నాలుగెకరాలు ఉన్నోడే పెద్ద, ఆయన కొడుకు తర్వాత పెద్ద. ఆ రోగం వాళ్ళకి రాదా?


నాగావళి మాస్టారు:

వస్తుంది తమ్ముడూ, వచ్చింది కూడా. జెనీవాలో ఆ 12 మంది పెద్దల్నీ నగర పాలక సభల నుంచే తీసుకున్నారు, అంటే ఉన్నవాళ్ళే. స్కాట్లాండ్‌వాళ్ళకి ఈ భయం మొదట్లోనే ఉంది, 1560లో నాక్స్, తోటివాళ్ళు కలిసి రాసిన మొదటి క్రమశిక్షణ గ్రంథంలో పెద్దల్నీ డీకన్లనీ ఏటేటా ఎన్నుకోవాలి అన్నారు, కారణం కూడా రాశారు, ఎక్కువకాలం ఉంటే సంఘం స్వేచ్ఛ మీద చెయ్యి వేస్తారని. నాకు ఆ గ్రంథం మొత్తంలో ఎక్కువ నచ్చిన మాట ఇదే. కానీ 1578లో వచ్చిన రెండో గ్రంథం పెద్దరికాన్ని జీవితాంతం ఉండే పిలుపు చేసేసింది, అది పొరపాటు అని నా అభిప్రాయం. అమెరికాలో పెద్ద ప్రెస్బిటేరియన్ సంఘంలో అభిషేకం జీవితాంతం ఉన్నా సెషన్‌లో కూర్చోవడానికి గడువు ఉంది, మూడేళ్ళకోసారి ఎన్నిక, వరసగా ఆరేళ్ళు దాటితే దిగి విరామం తీసుకోవాల్సిందే.

ఇంకో సంగతి, మొదటి తిమోతి 5:17లో బాగా పాలన చేసే పెద్దలు అని ఒక మాట, వారిలో ముఖ్యంగా వాక్యంలో కష్టపడేవారు అని ఇంకో మాట ఉంది. దాన్ని పట్టుకుని పాలించే పెద్దలు, బోధించే పెద్దలు అని రెండు రకాలు చేశారు. పాస్టరు బోధించే పెద్ద. అంటే ఆయనా పెద్దల్లో ఒకడే, వాళ్ళ పైన ఇంకో మెట్టు ఎక్కి కూర్చున్నవాడు కాదు.


పార్వతీపురం టీచర్:

అన్నయ్యగారూ వందనాలు. మేం లూథరన్లం, అయినా ఇది చదువుతూ ఆగలేకపోయాను. ఫౌజీ తమ్ముడూ, ఆ పిడికెడు బియ్యం తీసే చేతులు ఆడవాళ్ళవి కదా, మరి ఉపాల బల్ల దగ్గర ఎంతమంది ఆడవాళ్ళు కూర్చునేవారు? నేను అడిగేది తప్పు పట్టడానికి కాదు. మా సంఘంలో కానుకలు ఎక్కువ తెచ్చేదీ, ఆదివారబడి నడిపేదీ, జబ్బు చేసినవాళ్ళ దగ్గర రాత్రుళ్ళు కూర్చునేదీ స్త్రీల సమాజమే, నిర్ణయాల దగ్గరకొచ్చేసరికి తలుపు దగ్గర నిలబడి వినాలి.

ప్రెస్బిటేరియన్ల దగ్గర నాకు ఆశ కలిగించే సంగతి ఏంటంటే మార్పు సభ ద్వారానే వచ్చింది. అమెరికా ఉత్తరాది ప్రెస్బిటేరియన్ సంఘంలో 1930లో స్త్రీలు పెద్దలు అవ్వొచ్చని, 1956లో పాస్టర్లు అవ్వొచ్చని ఒప్పుకున్నారు. స్కాట్లాండ్‌లో 1966లో పెద్దలుగా, 1968లో పాస్టర్లుగా. 2004లో ఆలిసన్ ఎలియట్ అనే ఆవిడ అక్కడి జనరల్ అసెంబ్లీకి మోడరేటర్ అయ్యారు, మొదటి స్త్రీ, పైగా ఆవిడ పాస్టరు కాదు, పెద్ద. అంతకుముందు పాస్టరు కాని మనిషి ఆ కుర్చీలో కూర్చున్నది 1567లో, జార్జ్ బుకానన్ అనే పండితుడు. ఒక్క గుడిలో పదిమంది మగవాళ్ళు కాదంటే కాదు అనుకుని ఊరుకోవాల్సి వచ్చేది, పైన వినేవాళ్ళు ఉన్నారు కాబట్టి ఆలస్యమైనా జరిగింది.


సోంపేట ఫౌజీ:

అక్కా, నేనున్న మూడేళ్ళూ నేను చూసిన ఉపాలందరూ మగవాళ్ళే. మీరు అడిగాకే ఆలోచించాను, నిజమే, నాకు అప్పుడు తట్టలేదు.


బొబ్బిలి డీకన్:

అందరికీ వందనాలు. నేను బాప్టిస్టు సంఘంలో 20 ఏళ్ళ నుంచి డీకన్‌ని, మా పద్ధతి తరపున రెండు ముక్కలు చెప్పనివ్వండి, లేకపోతే బాప్టిస్టు అంటే తాళాలూ కేసులూ అనే అనుకుంటారు చదివేవాళ్ళు. బాప్తిస్మం తీసుకున్న ప్రతి విశ్వాసిలోనూ ఆత్మ ఉన్నాడు, కూలికెళ్ళే ముసలమ్మకీ ఓటుంది, మా సంఘంలో ఆ ముసలమ్మ లేచి పాస్టరు గారూ ఇది సరికాదు అంటే సభంతా ఆగిపోయి విన్న రోజులు నాకు తెలుసు. పైన సభ ఉంటే న్యాయం జరుగుతుంది అంటున్నారు, పైన సభే తప్పు చేస్తే? 1640ల్లో వెస్ట్‌మిన్‌స్టర్ సభ, అంటే పార్లమెంటు పిలిపించిన పాస్టర్ల సభ, కూర్చుని ఇంగ్లండ్ మొత్తానికి ప్రెస్బిటేరియన్ పద్ధతి పెట్టాలని చూసింది, మా బాప్టిస్టులు 1644లో లండన్‌లో ఏడు సంఘాలు కలిసి మా విశ్వాసం ఇదీ అని రాసి ఇవ్వాల్సి వచ్చింది.

కోర్టుల సంగతికి వస్తే వాళ్ళూ ఎక్కారు. 1900లో స్కాట్లాండ్‌లో రెండు ప్రెస్బిటేరియన్ సంఘాలు ఏకమైతే ఒప్పుకోని చిన్న గుంపు కేసు వేసింది, 1904లో హౌస్ ఆఫ్ లార్డ్స్, అప్పట్లో అదే పై కోర్టు, ఆ రెండింటిలో ఫ్రీ చర్చి ఆస్తంతా ఆ చిన్న గుంపుదే అని తీర్పు ఇచ్చింది, వందల చర్చిలు, కాలేజీలు. ఆఖరికి 1905లో పార్లమెంటు చట్టం చేసి పంచాల్సి వచ్చింది. కాబట్టి చంపావతి అన్నయ్యా, పద్ధతి మారిస్తే తగువు పోదు. తగువు రాకముందే, వస్తే ఎవరి దగ్గరికి వెళ్ళాలో నిబంధనల్లో రాసుకోవాలి, పక్క సంఘాల నుంచి ఇద్దరు ముగ్గుర్ని పిలిచి వినిపించాలి. అది మన బాప్టిస్టు పద్ధతికి విరుద్ధం ఏమీ కాదు, మా నాన్నగారి కాలంలో అలాగే చేసేవారు.


నాగావళి మాస్టారు:

డీకన్ గారూ, 1904 సంగతి మీరు చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. ఆ ఫ్రీ చర్చి ఎలా పుట్టిందో, దానికి ముందరి కథ కూడా పక్కన పెడతాను. 1712 చట్టం వల్ల స్కాట్లాండ్‌లో చాలాచోట్ల భూస్వాములే పాస్టర్ని వేసేవారు, సంఘం వద్దన్నా సరే. ఇది కూడదని 1843 మే 18న థామస్ చామర్స్ అనే పాస్టరూ తోటివాళ్ళూ ఎడింబరోలో అసెంబ్లీ నుంచి లేచి బయటికి నడిచారు. దాదాపు 1200 మంది పాస్టర్లలో 450 మందికి పైగా చర్చి, ఇల్లు, జీతం వదిలేసి భార్యాపిల్లల్తో వెళ్ళిపోయారు. మన దేశంలో ఉన్న వాళ్ళ మిషనరీలందరూ, కలకత్తా అలెగ్జాండర్ డఫ్‌తో సహా, కట్టిన కాలేజీ భవనాలు వదిలేసి వాళ్ళతో వెళ్ళారు. చామర్స్ ఒక నిధి పెట్టాడు, ఊరూరా పోగైన డబ్బు ఒకచోట చేర్చి పాస్టర్లందరికీ సమానంగా పంచడం. ఫౌజీ తమ్ముడు ఐజ్వాల్‌లో చూసిన జీతాల పద్ధతి ఇదే వరసలోది. ఆ రోజు వాళ్ళు తాళం కోసం కొట్టుకోలేదు, తాళాలిచ్చేసి వచ్చారు. నాకు ఆ ఘట్టం అంటే చాలా గౌరవం.


చంపావతి ఒడ్డు:

అందరికీ దణ్ణాలు. నిన్న రాత్రి ఇదంతా రెండో వర్గంలో ఉన్న మా పిన్ని కొడుక్కి పంపాను, మూడేళ్ళలో వాడితో మాట్లాడింది లేదు. పొద్దున్న ఫోన్ చేశాడు. బొబ్బిలి ఆయన చెప్పినట్టు బయటివాళ్ళని ఇద్దరు ముగ్గుర్ని పిలుద్దాం, కేసు సంగతి తర్వాత, ముందు ఎవరింట్లో చావు జరిగినా ఇద్దరు పాస్టర్లలో ఎవరు దొరికితే వాళ్ళు వచ్చేలా ఒప్పందం చేసుకుందాం అన్నాడు. మాస్టారూ, డీకన్ గారూ, మీరు వస్తారా? శ్రీకాకుళం నుంచీ బొబ్బిలి నుంచీ బస్సులున్నాయి, విజయనగరం కాంప్లెక్స్ దగ్గరికి నేను బండి తెస్తాను.


బొబ్బిలి డీకన్:

తప్పకుండా వస్తాను అన్నయ్యా. ఆదివారం కాకుండా పెట్టండి.


నాగావళి మాస్టారు:

వస్తాను తమ్ముడూ. రెండు వైపుల నుంచీ ముగ్గురేసి సంతకం పెట్టిన కాగితం ముందు తీసుకో, మేం చెప్పింది వింటామని కాదు, మా ఎదుట ఒకరి మాట ఒకరు పూర్తిగా వింటామని. పార్వతీపురం టీచర్ గారిని కూడా అడుగు, వీలైతే రమ్మను. ఇరువైపులా ఆడవాళ్ళు ఏమనుకుంటున్నారో మనకంటే ఆవిడకే చెప్తారు.